ఉలేమాలకు జీతమిచ్చేది ఎవరు? సౌదీ అరేబియాలో చమురు, ఇస్లాం, రాజ్యాధికారం

గల్ఫ్ దేశాల చమురు సంపదను గూర్చి మన సంఘాలలో సాధారణంగా రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఆదికాండము 17:20లో ఇష్మాయేలును గూర్చి దేవుడు చేసిన వాగ్దానమే ఈ చమురు రూపంలో నెరవేరిందన్నది మొదటిది. ఆ డబ్బంతా ఇస్లాం మతవ్యాప్తికే ఖర్చవుతోందన్నది రెండవది. మొదటి మాటతో గల్ఫ్‌కు వలస వెళ్లిన విశ్వాసులకు ధైర్యం చెబుతాం. రెండవ మాటతో ఇక్కడ ఉన్నవారిని భయపెడతాం. ఈ రెండూ ఒకే ప్రసంగంలో వినిపించడమూ కద్దు.

మొదటి మాటకు ఎక్కువ స్థలం అవసరం లేదు. నార్వేలో చమురు ఉంది, వెనెజులాలో ఉంది, నైజీరియాలో ఉంది. అరబ్బులే నివసించే జోర్దాను దేశంలో చెప్పుకోదగినంత లేదు. భూమి పొరలకు వంశావళితో పనిలేదు. రెండవ మాటలో మాత్రం కొంత సత్యమున్నది గనుక దానిని జాగ్రత్తగా పరిశీలించాలి. డబ్బు మతానికి వెళ్లిన మాట వాస్తవమే. అయితే అది ఎవరి చేతిమీదుగా వెళ్లింది? ఎవరి అవసరాన్ని బట్టి వెళ్లింది? వెళ్లిన తరువాత ఎవరు ఎవరికి లోబడ్డారు? ఈ ప్రశ్నలు వేయకుండా "ఇస్లాం డబ్బు" అని ఒక్కమాటలో తేల్చేస్తే సగం చరిత్ర మరుగున పడిపోతుంది. అందుచేత ఈ వ్యాసంలో సౌదీ అరేబియాను తీసుకొని ఒకే ఒక ప్రశ్నను వెంబడిద్దాం. అక్కడ బోధించేవానికి జీతమిచ్చేది ఎవరు? విదేశీ మిషను నిధులతో నడిచి, ఆ నిధులు ఆగిన తరువాత సొంత కానుకలతో నిలబడడం నేర్చుకున్న సంఘాలు మనవి. కాబట్టి ఈ ప్రశ్న మన పాఠకులకు కొత్తదేమీ కాదు.

చమురుకు ముందు

సౌదీ రాజ్యానికి మూలం 1744 ప్రాంతంలో కుదిరిన ఒక ఒడంబడిక. రియాద్ సమీపంలోని దిరియా పాలకుడైన ముహమ్మద్ ఇబ్న్ సౌద్, సంస్కర్త అయిన ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. సమాధుల వద్ద మొక్కుబడులు, పరిశుద్ధులను మధ్యవర్తులుగా వేడుకోవడం వంటి ఆచారాలను తీసివేసి, దేవుని ఏకత్వాన్ని నిలబెట్టాలన్నది రెండవవాని ఆశయం. మొదటివానికి రాజ్యం కావాలి. సంస్కర్తకు కత్తి తోడైంది, పాలకునికి ధర్మబద్ధత దొరికింది. 1818లో ఐగుప్తు సైన్యం ఉస్మానీ సుల్తాను పక్షాన వచ్చి దిరియాను నేలమట్టం చేసింది. ఆ తరువాత లేచిన రెండవ రాజ్యం 1891లో కూలిపోయింది. 1902లో అబ్దుల్ అజీజ్ రియాద్‌ను తిరిగి పట్టుకొని, 1925 నాటికి మక్కా, మదీనాలున్న హిజాజ్ ప్రాంతాన్ని కూడా జయించి, 1932లో "సౌదీ అరేబియా రాజ్యం" అని ప్రకటించాడు. ఇంతవరకు చమురు ప్రస్తావన లేదు. చమురే వహ్హాబీ ఉద్యమాన్ని పుట్టించిందని చెప్పేవారు ఈ తేదీలను గమనించాలి.

అప్పట్లో ఈ రాజ్యం దేనిమీద బ్రతికింది? జకాత్ మీద, సుంకాల మీద, దోపుడు సొమ్ము మీద, అన్నిటికంటె ముఖ్యంగా హజ్ యాత్రికులు చెల్లించే రుసుముల మీద. ఇక్కడ మన ప్రాంతానికి ఒక సంబంధముంది. హైదరాబాదు సంస్థానపు యాత్రికులు ఉచితంగా బస చేయడానికి నిజాముల కాలంలో మక్కాలోను మదీనాలోను రుబాత్‌లు, అనగా సత్రాలు, ఏర్పాటయ్యాయి. పాత హైదరాబాదు సంస్థానానికి చెందిన జిల్లాల యాత్రికులకు ఆ వసతి మన కాలంలోనూ కొనసాగుతోంది. అనగా ఆ రోజుల్లో ధనం హైదరాబాదునుండి అరేబియాకు ప్రవహించేది. బర్కస్‌లోని అరబ్ కుటుంబాల పూర్వికులు నిజాం సైన్యంలో కొలువు వెదకుకొంటూ యెమెను నుండి వచ్చినవారే. నేడు కరీంనగర్, జగిత్యాల నుండి గల్ఫ్‌కు వెళ్లేవారిని చూస్తున్నవారికి ఇది వింతగానే తోస్తుంది.

బీదరికంలో ఉన్న రాజుకు మతబోధకులు బరువుగానే ఉంటారు. "ఇఖ్వాన్" అనబడే మతావేశపరులైన గిరిజన యోధులే అబ్దుల్ అజీజ్‌కు రాజ్యాన్ని జయించి ఇచ్చారు. అయితే సరిహద్దులు దాటి ఇరాకు మీద దాడి చేయవద్దని రాజు ఆజ్ఞాపించినప్పుడు వారు తిరగబడ్డారు. మోటారు వాహనాలు, తీగల మీద వచ్చే వార్తలు, ఇంగ్లీషువారితో స్నేహం కూడా వారికి గిట్టలేదు. 1929లో సబిలా యుద్ధంలో రాజు వారిని ఓడించాడు. ఇఖ్వాన్ మీద కత్తి ఎత్తడానికి సైతం అతనికి ఉలేమాల సమ్మతి అవసరమైంది. అదే సమయంలో ప్రపంచవ్యాప్త ఆర్థికమాంద్యం వచ్చి హజ్ యాత్రికుల సంఖ్య ఘోరంగా పడిపోయింది. ఖజానా ఖాళీ అయింది. జిద్దా వర్తకుల వద్ద రాజు అప్పులు చేయవలసి వచ్చింది.

1933 మే 29న కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీతో జరిగిన ఒప్పందాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఆర్థికమంత్రి అబ్దుల్లా సులేమాన్ సంతకం చేశాడు. మొదటి చెల్లింపు 35,000 బంగారు పౌండ్లు, లెక్కపెట్టి అందించిన నాణాలు. రాజుకు అప్పటికి చమురు మీద పెద్ద ఆశ లేదు, అప్పు తీరితే చాలునన్నట్టుగా ఉంది పరిస్థితి. 1938 మార్చిలో దమ్మామ్ 7వ బావి నుండి వ్యాపారానికి తగినంత చమురు పొంగింది. 1948లో ఘవార్ క్షేత్రం బయటపడింది. ప్రపంచంలో మెట్టప్రాంతాన ఇంత పెద్ద చమురు క్షేత్రం మరొకటి లేదు. 1950లో కంపెనీ లాభాల్లో సగం రాజ్యానికి ఇచ్చే ఏర్పాటు కుదిరింది.

కౌలు మీద బ్రతికే రాజ్యం

ఈ దశలో ఒక పారిభాషిక పదాన్ని పరిచయం చేయాలి. 1970లో హొస్సేన్ మహ్దవీ అనే ఇరాన్ ఆర్థికశాస్త్రవేత్త "రెంటియర్ రాజ్యం" అనే భావనను వివరించాడు. తెలుగులో చెప్పాలంటే, కౌలు మీద బ్రతికే రాజ్యం. పొలం కౌలుకిచ్చిన భూస్వామి పట్నంలో కూర్చొని కౌలు పుచ్చుకుంటాడు. దున్నేవాడెవడో, కోసేవాడెవడో అతనికి పట్టదు. అదేవిధంగా ప్రజల శ్రమ మీద వేసిన పన్నులతో కాక, నేలలోని చమురుకు విదేశీయులు చెల్లించే సొమ్ముతో నడిచే రాజ్యం తన ప్రజలమీద ఆధారపడదు. ప్రజలే రాజ్యంమీద ఆధారపడతారు. ఉద్యోగం రాజ్యమే ఇస్తుంది, ఇల్లు కట్టుకోవడానికి అప్పు రాజ్యమే ఇస్తుంది, వైద్యం ఉచితం, ఆదాయపు పన్ను లేదు. పన్ను అడగని రాజును లెక్క అడగడానికి ప్రజలకు నోరు రాదు.

ఈ సిద్ధాంతాన్ని బోధించేవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. నా అభిప్రాయంలో అసలు విషయం ఆ తరువాత ఉంది. పన్ను చెల్లించే ప్రజలతో పాటు ఉలేమాల స్థానం కూడా మారిపోయింది. చమురుకు ముందు రాజుకు ఉలేమాలు ఇవ్వగలిగింది చాలా ఉంది, రాజు వారికి ఇవ్వగలిగింది కొంచెమే. చమురు వచ్చాక ఇది తారుమారైంది.

ఈ మార్పు ఫైసల్ రాజు కాలంలో (1964-1975) స్పష్టంగా కనిపిస్తుంది. ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం అనే ప్రధాన ముఫ్తీ ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ వంశీకుడు. న్యాయస్థానాలు, ఫత్వాలు, మతవిద్య, బాలికల పాఠశాలలు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. 1969లో ఆయన మరణించగా రాజు ఆ పదవిని భర్తీ చేయలేదు. 1970లో న్యాయశాఖను మంత్రివర్గం క్రిందికి తెచ్చాడు. 1971లో ఉన్నత ఉలేమాల మండలిని స్థాపించి, సభ్యులను తానే నియమించాడు. ప్రధాన ముఫ్తీ పదవి 1993 వరకు ఖాళీగానే ఉండిపోయింది. ఎవరినీ చెరసాలలో వేయలేదు, ఎవరినీ అవమానపరచలేదు. భవనాలు కట్టించారు, విశ్వవిద్యాలయాలు తెరిచారు, కార్లిచ్చారు, జీతాలిచ్చారు. వ్యక్తిగా నిలిచిన ముఫ్తీ పోయి, జీతపు పట్టీలో పేరున్న ఉద్యోగులు వచ్చారు.

ఇది ఏకపక్షంగా సాగిన లొంగుబాటు అనుకోకూడదు. ఉలేమాలు తమ ధర పుచ్చుకున్నారు. 1960లో బాలికల పాఠశాలలు ప్రారంభించినప్పుడు వాటి నిర్వహణను విద్యాశాఖకు కాక ఉలేమాల అజమాయిషీలోని ప్రత్యేక విభాగానికి అప్పగించారు. డబ్బు రాజుది, పాఠ్యప్రణాళిక వారిది. 2002 మార్చిలో మక్కాలోని ఒక బాలికల పాఠశాలలో అగ్నిప్రమాదం జరిగి 15 మంది పిల్లలు చనిపోయారు. తలలు కప్పుకోలేదని మత పోలీసులు వారిని బయటికి రానివ్వలేదన్న ఆరోపణ దేశాన్ని కుదిపింది. ప్రభుత్వం ఆ ఆరోపణను కాదన్నది గాని ఆ నెలలోనే బాలికల విద్యను ఉలేమాల చేతినుండి తీసి విద్యాశాఖలో కలిపింది. నలభై ఏండ్లుగా ఉన్న అధికారం ఒక్క రాజాజ్ఞతో పోయింది. జీతమిచ్చినవాడు దానిని ఎప్పుడైనా వెనుకకు తీసుకోగలడు.

ఇరాన్‌తో పోల్చినప్పుడు

ఈ విషయం బోధపడాలంటే గల్ఫ్ జలసంధికి అవతలివైపు చూడాలి. ఇరాన్‌లో చమురు ఇంకా ముందే, 1908లో, మస్జిదె సులేమాన్ వద్ద దొరికింది. అక్కడి షా కూడా కౌలు మీద బ్రతికినవాడే. అయినా 1979లో ఉలేమాలే అతనిని గద్దె దింపారు. అదే చమురు సౌదీలో ఉలేమాలను రాజుకు కట్టిపడేస్తే, ఇరాన్‌లో ఎందుకు కట్టలేకపోయింది?

కారణాలు అనేకం. వాటిలో మన ప్రశ్నకు సంబంధించినది ఖుమ్స్. షియా విశ్వాసి తన సంవత్సరపు మిగులులో ఐదవ వంతును తాను అనుసరించే మతాచార్యునికి నేరుగా చెల్లించాలి. మన దశమభాగానికి ఇది కొంత దగ్గరగా ఉంటుంది. ఆ సొమ్ముతో ఆచార్యుడు విద్యార్థులను పోషిస్తాడు, బీదలకు సహాయం చేస్తాడు. తెహ్రాన్ బజారు వర్తకుడు ఇచ్చే ఖుమ్స్ షా ఖజానాలోకి వెళ్లదు. షా 1960లలో భూసంస్కరణల పేరుతో వక్ఫ్ భూములను తాకాడు గాని ఖుమ్స్‌ను ఆపలేకపోయాడు. ఖొమేనీని 1964లో దేశం నుండి వెళ్లగొట్టాక కూడా ఇరాక్‌లోని నజఫ్‌లో ఆయనకు శిష్యులున్నారు, వారిని పోషించే కానుకలున్నాయి. 1978 చివర చమురు కార్మికులు సమ్మె చేసి ఉత్పత్తిని నిలిపివేసినప్పుడు కౌలు ఆగిపోయింది, షాకు నడుము విరిగింది.

తరువాతి కథ అంత ఉత్సాహకరంగా ఉండదు. అధికారంలోకి వచ్చిన ఉలేమాల చేతికి చమురు ఖజానా వచ్చింది. షా కుటుంబపు ఆస్తులు "బొనియాద్" అనబడే ధర్మసంస్థల చేతికి వెళ్లి, అవి పెద్ద వ్యాపారసంస్థలయ్యాయి. విశ్వాసుల కానుకలమీద నిలబడి రాజును ఎదిరించిన వర్గమే రాజ్యపు సొమ్మును పంచే వర్గమైంది. అధికారంలోని ఆచార్యులను ఎదిరించిన ఆచార్యులు కూడా గృహనిర్బంధాలు చూశారు.

1973 తరువాత

సౌదీ ధనం లోకమంతటా మతం పేరిట ఎందుకు వెళ్లింది? దీనికి మొదటి కారణం ఐగుప్తు అధ్యక్షుడు నాసర్. రాజులను కూలద్రోయాలని పిలుపునిచ్చే అరబ్ జాతీయవాదానికి రియాద్ భయపడింది. 1962లో యెమెనులో రాచరికం కూలి, నాసర్ సైన్యం సరిహద్దు దాకా వచ్చింది. అదే సంవత్సరంలో మక్కాలో ముస్లిం వరల్డ్ లీగ్ స్థాపించబడింది. అరబ్ అనే గుర్తింపుకు బదులు ముస్లిం అనే గుర్తింపును ముందుకు తేవడం దాని రాజకీయ ప్రయోజనం. నాసర్ తరిమివేసిన ముస్లిం బ్రదర్‌హుడ్ సభ్యులకు సౌదీ పాఠశాలల్లో ఉపాధ్యాయ పదవులు దొరికాయి. అప్పటికి డబ్బు పరిమితమే.

1973 అక్టోబరు యుద్ధ సమయంలో అరబ్ దేశాలు చమురు సరఫరాపై ఆంక్ష విధించాయి. పీపా ధర సుమారు 3 డాలర్ల నుండి 1974 జనవరికి 12 డాలర్ల దగ్గరకు చేరింది. ఉన్న యంత్రాంగానికి లేని డబ్బు వచ్చింది. మసీదులు, మదరసాలు, ఉపకార వేతనాలు, ఖురాన్ ప్రతులు ఇండోనేషియా నుండి పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్లాయి. 1980లలో ఆఫ్గనిస్తాన్ యోధులకు అమెరికా ఎంత ఇస్తే సౌదీ అంత ఇచ్చే ఏర్పాటు ఉండేది. యువరాజు ముహమ్మద్ బిన్ సల్మాన్ 2018లో ఒక అమెరికా పత్రికతో మాట్లాడుతూ, విదేశాల్లో మసీదులకు, మదరసాలకు పెట్టిన పెట్టుబడి ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో మిత్రదేశాలు కోరినందున జరిగిందని చెప్పాడు. ఇందులో తప్పించుకొనే ధోరణి లేకపోలేదు. ఎవరో అడిగినందుకే ఇచ్చారనడం సగమే నిజం. అయినా ఆ ధనం వెనుక భక్తితో పాటు విదేశాంగ విధానం కూడా ఉన్నదని ఆ రాజ్యమే ఒప్పుకున్నట్టయింది.

జీతపు బోధకుని మాటకు విలువ తగ్గుతుంది. 1979 నవంబరు 20న జుహైమాన్ అల్ ఉతైబీ అనేవాడు తన అనుచరులతో మక్కాలోని మహామసీదును ఆక్రమించాడు. అతని వర్గంలో ఇఖ్వాన్ యోధుల సంతతివారు ఉన్నారు. రాజకుటుంబం అవినీతిమయమైందని, ఉలేమాలు వారికి అమ్ముడుపోయారని అతని ఆరోపణ. మసీదులో ఆయుధాలు వాడడానికి ప్రభుత్వానికి ఫత్వా కావలసి వచ్చింది, ఉలేమాలు ఇచ్చారు. రెండు వారాల రక్తపాతం తరువాత మసీదు తిరిగి స్వాధీనమైంది. 1980 జనవరిలో 63 మందికి శిరచ్ఛేదం జరిగింది. విచిత్రమేమంటే జుహైమాన్‌ను చంపిన ప్రభుత్వం అతని కోరికల్లో కొన్నిటిని నెరవేర్చింది. మత పోలీసులకు నిధులు పెరిగాయి, స్త్రీలమీద ఆంక్షలు బిగిశాయి. 1986లో ఫహద్ రాజు "రెండు పవిత్ర మసీదుల సేవకుడు" అనే బిరుదు ధరించాడు.

1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమెరికా సైన్యాన్ని పిలవడానికి మరొక ఫత్వా అవసరమైంది. షేక్ ఇబ్న్ బాజ్ నాయకత్వంలోని ఉలేమాలు దానినీ ఇచ్చారు. ఈసారి యువ బోధకులు బహిరంగంగా విమర్శించారు. సల్మాన్ అల్ ఔదా, సఫర్ అల్ హవాలీ వంటివారి ప్రసంగాలు క్యాసెట్లలో ఇంటింటికి చేరాయి. 1994లో వారిని ఖైదు చేశారు. మరొక శాఖ ఒసామా బిన్ లాదెన్ దారి పట్టింది. చమురు ధనంతో కట్టిన విశ్వవిద్యాలయాలలో చదివినవారే చమురు రాజ్యానికి విమర్శకులయ్యారు. డబ్బు మతాన్ని కొనగలదని నమ్మేవారు ఈ ఘట్టాన్ని మరువరాదు.

అదే మతం, అదే సంపద, వేరే రాజ్యం

ఇక్కడ మన విశ్వాసుల సంగతికి వద్దాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతాలనుండి వెళ్లినవారు గల్ఫ్ అంతటా ఉన్నారు. కువైట్‌లోను, దుబాయ్‌లోను వారు చర్చి ఆవరణలో కూడుకొని తెలుగులో ఆరాధన చేసుకుంటారు. ఎక్కువ దేశాలలో ఆదివారం పనిదినం గనుక ఆరాధన శుక్రవారం జరుగుతుంది. సౌదీలో చర్చి భవనం ఒక్కటి కూడా లేదు, ముస్లిమేతరుల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. తేడాకు కారణం ఇస్లామా? కువైట్ కూడా ముస్లిం దేశమే. చమురా? కువైట్‌లో కూడా 1938లోనే చమురు దొరికింది.

కువైట్‌కు, బహ్రెయిన్‌కు చమురుకంటె ముందు ఓడరేవు జీవితముంది, పరదేశులతో వర్తకముంది. 1889లో ప్రారంభమైన అరేబియన్ మిషను వైద్యులు, శామ్యుల్ జ్వెమెర్ తరంవారు, అక్కడ ఆసుపత్రులు కట్టారు. ఆ ఆసుపత్రి ఆవరణలోనుండే కువైట్ ఎవాంజెలికల్ సంఘం పుట్టింది. ఆ సంఘానికి కువైట్ పౌరుడే కాపరి అయ్యాడు. అబ్దుల్ అజీజ్ కూడా బహ్రెయిన్ నుండి మిషను వైద్యులను రియాద్‌కు పిలిపించుకున్నాడు గాని అక్కడ ఉండిపోవడానికి అనుమతించలేదు. 1744 నాటి ఒడంబడికలో పరదేశి ఆరాధనకు చోటులేదు, ఆ ఒడంబడికే అతని సింహాసనానికి ఆధారం.

ఖతార్ ఉదాహరణ ఇంకా బలమైనది. అక్కడి పాలకులది సౌదీవారి వహ్హాబీ సంప్రదాయమే. అయినా 2008లో దోహాలో అమీరు ఇచ్చిన స్థలంలో చర్చి తెరవబడింది. బయట సిలువ కనిపించకూడదన్న నిబంధన మాత్రం ఉంది. ఖతార్ పాలకుడు తన అధికారానికి ఉలేమాలతో ఒడంబడిక చేసుకున్నవాడు కాడు గనుక వారిని అడగకుండానే స్థలం ఇవ్వగలిగాడు. కాబట్టి సౌదీలో పనిచేసే విశ్వాసికి ఆరాధనాలయం లేకపోవడాన్ని ఇస్లాం వల్ల అని ఒక్కమాటలో చెప్పడం చాలదు. ఒక రాజవంశానికీ ఒక ఉలేమా వర్గానికీ మధ్య ఉన్న బేరం అందులో ఉంది. పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టుకొని, జీతం కోసం నెలల తరబడి ఎదురుచూసే కూలీకి ఈ వివరణ వల్ల ఒరిగేది స్వల్పమే. అతని వేదన కఫాలా అనే కార్మిక చట్టానికి సంబంధించినది. హిందువైనా, క్రైస్తవుడైనా, హైదరాబాదు ముస్లిమైనా దాని క్రింద ఒకే విధంగా నలిగాడు.

ఒడంబడిక తిరిగి వ్రాయబడుట

2014 మధ్యనుండి చమురు ధర కుప్పకూలింది. 2016 ఏప్రిల్‌లో రెండు ప్రకటనలు వెలువడ్డాయి. ఒకటి, చమురుపై ఆధారపడడం తగ్గించే "విజన్ 2030". మరొకటి, మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం రద్దు. 2018లో 5 శాతం విలువ ఆధారిత పన్ను వచ్చింది, 2020 జూలైలో అది 15 శాతమైంది. అదే 2018లో సినిమాహాళ్లు తెరుచుకున్నాయి, స్త్రీలు కారు నడపడానికి అనుమతి వచ్చింది. 2021లో మసీదు మైకుల ధ్వని తగ్గించాలని ఆజ్ఞ వచ్చింది. దశాబ్దాలుగా వీటిలో కొన్నిటిని నిషిద్ధమన్న ఉలేమా సంస్థలనుండి చెప్పుకోదగిన ప్రతిఘటన రాలేదు. సల్మాన్ అల్ ఔదాను 2017 సెప్టెంబరులో మరల ఖైదు చేశారు. పొరుగుదేశంతో రాజీకి స్వాగతం పలుకుతూ ఆయన వ్రాసిన సందేశమే దానికి కారణమని ఆయన కుటుంబీకులు చెబుతారు. స్త్రీల డ్రైవింగ్ హక్కు కోసం పోరాడిన మహిళలను కూడా, ఆ హక్కు ఇచ్చిన సంవత్సరంలోనే, ఖైదు చేశారు. 2018 అక్టోబరులో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేటులో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గి హత్య చేయబడ్డాడు. ఆంక్షలు సడలాయి గాని ప్రశ్నించే హక్కు పెరగలేదు. పాశ్చాత్య పత్రికలు దీనిని "ఇస్లాం సంస్కరణ" అని వ్రాసినప్పుడు నాకు సందేహమే కలుగుతుంది. యజమాని తన ఉద్యోగులకు కొత్త పని అప్పగించడాన్ని సంస్కరణ అనవచ్చునా?

2022 జనవరిలో వెలువడిన ఒక రాజాజ్ఞను ఈ సందర్భంలో గమనించాలి. ఫిబ్రవరి 22ను దేశ స్థాపన దినంగా ప్రకటించి, సౌదీ రాజ్యం పుట్టింది 1727లో అని ఆ ఆజ్ఞ నిర్ణయించింది. 1727 అనునది ముహమ్మద్ ఇబ్న్ సౌద్ దిరియా పాలకుడైన సంవత్సరం. అప్పటికి ఇబ్న్ అబ్దుల్ వహ్హాబ్ ఇంకా దిరియాకు రాలేదు.